మూడో కాలు

వానాకాలం. తెల్లవారింది. గుట్ట మీది గూడెం నుంచి తాత, మనవడు సంతకు బయలుదేరారు. తాత భుజాన కావడి ఉంది. కావడికి రెండు పక్కలా వెదురు కొమ్ముల గంపలు ఉన్నాయి. తాత చేతిలో కర్ర ఉంది. మనవడి నెత్తిన తట్టల మోపు ఉంది. ఒక చేత్తో మోపు పట్టుకున్నాడు. రెండో చేయి ఖాళీగా ఉంది.

"ఒరేయ్, నీ కర్ర ఏదిరా?" అని తాత అడిగాడు.

"నాకెందుకు తాతా కర్ర? నేనేమన్నా ముసలోణ్ణా?" అన్నాడు మనవడు.

తాత ఏమీ అనలేదు. ఇద్దరూ నడిచారు. రాత్రి వాన పడింది. బాట తడిగా ఉంది. సగం గుట్ట దిగారు. రాలిన వెదురాకు మీద మనవడి కాలు సర్రున జారింది. తట్టలు దొర్లుకుంటూ లోయలోకి పోయాయి. మనవడు ఒక చెట్టు మొదలు పట్టుకుని ఆగాడు. మోకాలు చెక్కుకుపోయింది. నెత్తురు కారింది.

తాత కావడి దించాడు. తన కర్రను మనవడి వైపు చాచాడు. మనవడు కర్ర పట్టుకుని పైకి వచ్చాడు.

"కర్ర ముసలోళ్లకు కాదురా. గుట్టకు" అన్నాడు తాత.

తాత అన్న మాట నిజమేనా? కర్ర వల్ల ఏం లాభం? దాన్ని ఎలా పట్టుకోవాలి? తెలుసుకుందాం.

గుట్టల దారులు

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు పోతే అడవి మొదలవుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేలు ఉన్నాయి. దమ్మపేట, అశ్వారావుపేట వైపు, పాపికొండల వైపు కొండరెడ్ల గూడేలు ఉన్నాయి. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో తెలంగాణ వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పేర్లు మారాయి. హద్దులు మారాయి. గుట్టలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడి జనానికి గుట్ట ఎక్కి దిగడం సరదా కాదు. బతుకుతెరువు. ఎండాకాలం తునికాకు కోయడానికి గుట్ట ఎక్కాలి. ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోవాలి. వెదురు తేవాలి. కట్టెలు తేవాలి. ఎక్కేటప్పుడు చేతులు ఖాళీ. దిగేటప్పుడు నెత్తిన మోపు. అంటే బరువు ఎక్కువ ఉన్నప్పుడే వాలు దిగాలి. ప్రమాదం అక్కడే ఉంది.

ఎక్కడం కష్టమా? దిగడం కష్టమా?

ఎక్కడమే కష్టం అని చాలామంది అంటారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. చెమట పడుతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఆ కష్టం మనకు తెలుస్తుంది. కాసేపు కూర్చుంటే పోతుంది.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు. అందుకే సులువు అనుకుంటాం. కాని మోకాళ్లకు అసలు కష్టం అప్పుడే. ఎందుకంటారా? దిగేటప్పుడు అడుగు వేసిన ప్రతిసారీ ఒళ్లంతా కిందికి పడుతుంది. ఆ పడే ఒంటిని కాలు ఆపాలి. బండికి బ్రేకు ఎలాగో, దిగేవారికి మోకాలు అలాగ. ఆ సమయంలో మోకాలి మీద పడే భారం ఒంటి బరువు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది. నెత్తిన మోపు ఉంటే అది ఇంకా పెరుగుతుంది.

ఒక లెక్క చేద్దాం. గుట్ట దిగే బాట 2 కిలోమీటర్లు అనుకుందాం. ఒక్కో అడుగు అర మీటరు అనుకుందాం. అంటే మొత్తం 4,000 అడుగులు వేయాలి. కుడి కాలికి 2,000. ఎడమ కాలికి 2,000. ఒక్కసారి గుట్ట దిగితే ఒక్కో మోకాలికి 2,000 దెబ్బలు. వారానికి మూడు సార్లు దిగితే 6,000 దెబ్బలు. ఏళ్ల తరబడి దిగితే ఎన్ని? మీరే లెక్క కట్టండి.

మోకాలి కీలులో ఎముకల మధ్య మెత్తని పొర ఉంటుంది. దెబ్బలు పడీపడీ ఆ పొర అరిగితే నొప్పి, వాపు వస్తాయి. నలభై ఏళ్లకే "మోకాళ్లు పోయాయమ్మా" అనే ఆడవాళ్లు మన ఊళ్లలో లేరా?

కర్ర ఏం చేస్తుంది?

కర్ర రెండు పనులు చేస్తుంది.

మొదటి పని, ఒంటిని నిలబెట్టడం. రెండు కాళ్ల పీట నిలబడదు. మూడు కాళ్ల పీట నిలబడుతుంది. మనిషి కూడా అంతే. అడుగు వేసేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటుంది. ఒంటి భారం అంతా ఒక్క కాలి మీదే ఉంటుంది. ఆ కాలు జారితే మనిషి పడ్డట్టే. చేతిలో కర్ర ఉంటే నేల మీద రెండు ఊతలు ఉంటాయి. ఒకటి జారినా రెండోది ఆపుతుంది.

రెండో పని, మోకాలి భారం పంచుకోవడం. కర్ర మీద చేయి ఆనిస్తే కొంత భారం చేతికి, భుజానికి పోతుంది. ఆ మేరకు మోకాలికి తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? ఆస్ట్రియా దేశంలో పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. ఎనిమిది మంది మగవాళ్లను 25 డిగ్రీల వాలు మీద కిందికి నడిపించారు. 25 డిగ్రీల వాలు అంటే, నాలుగు అడుగులు ముందుకు పోతే సుమారు రెండు అడుగులు కిందికి దిగే వాలు. మొదట కర్రలు లేకుండా నడిచారు. తర్వాత రెండు చేతులా రెండు కర్రలతో నడిచారు. కర్రలతో దిగినప్పుడు మోకాలి మీద పడే భారం నూటికి 12 నుంచి 25 వంతుల దాకా తగ్గింది. ఈ సంగతి 1999లో ప్రకటించారు.

అంటే 100 కిలోల భారం పడే చోట 75 నుంచి 88 కిలోలే పడుతుంది. ఒక్క కర్ర వాడితే లాభం ఇంత ఉండదు. కాని ఏ కర్రా లేని దానికన్నా మేలే కదా!

ఎవరెస్టు ఎక్కేవారికీ కర్రే

కర్ర పట్టుకోవడం నామోషీ అని కుర్రవాళ్లు అనుకుంటారు. ఒక సంగతి చెప్పుకుందాం.

ప్రపంచంలో ఎత్తయిన శిఖరం ఎవరెస్టు. ఎత్తు 8,848 మీటర్లు. 2014 మే 25న ఇద్దరు పిల్లలు ఆ శిఖరం ఎక్కారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. రెండో వారు చర్ల మండలం అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్. అవును, మన భద్రాచలం పక్కన ఉన్న చర్లే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదివారు. భువనగిరి గుట్ట మీద బండలు ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో తర్ఫీదు పొందారు.

అంత పెద్ద కొండలకు పోయేవారు చేతికర్రలు వాడతారు. కొండ ఎక్కేవారికి కావలసిన సామానులో అదీ ఒకటి. వాటిని అల్యూమినియంతో చేస్తారు. ఒక్కోటి పావుకిలో అటూ ఇటూ ఉంటుంది. ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూరి ఉంటుంది. లాగితే పొడుగు అవుతుంది. తోస్తే పొట్టి అవుతుంది. కింద గట్టి లోహపు మొన ఉంటుంది. మొనకు పైన చిన్న చక్రం ఉంటుంది. మంచులో, బురదలో కర్ర దిగబడకుండా ఆ చక్రం ఆపుతుంది. పట్టు దగ్గర ఒక పట్టీ ఉంటుంది.

వయసులో ఉన్నవారు, బలం ఉన్నవారు, తర్ఫీదు పొందినవారు ఆ కర్రలు పట్టుకుంటారు. అందులో వారికి నామోషీ లేదు. మరి మనకెందుకు?

ఎలాంటి కర్ర కావాలి?

కొన్న కర్రే ఉండాలని లేదు. మన అడవిలో వెదురు ఉంది. వెదురు తేలిక. వంగుతుంది కాని తొందరగా విరగదు. లోపల గుల్ల తక్కువగా ఉన్న గట్టి వెదురు చూడండి. పచ్చిది వద్దు. బాగా ఆరినది కావాలి. పగులు, పురుగు తొలిచిన చోటు ఉంటే ఆ కర్ర వద్దు. ఒకసారి కర్రను నేలకు ఆనించి ఒంటి భారం దాని మీద వేసి చూడండి. ఓర్చుకుంటే పనికి వస్తుంది. అడవి బాటలో కాదు, ఇంటి ముందే ఈ పరీక్ష చేయాలి.

ఎంత పొడవు? నిటారుగా నిలబడండి. కర్ర మీ రొమ్ము ఎత్తు ఉండాలి. అంతకన్నా పొట్టి కర్ర దిగేటప్పుడు అందదు. అప్పుడు ముందుకు వంగాల్సి వస్తుంది. వంగితే తల ముందుకు పోయి పడతారు.

కర్ర అడుగు చీలకుండా పొన్ను వేయించండి. కమ్మరి దగ్గర రోకలికి పొన్ను వేయిస్తాం కదా, అలాంటిదే. పొన్ను లేని వెదురు రాళ్ల మీద కొన్నాళ్లకే చీలుతుంది. చీలిన కర్ర జారుతుంది.

మూడు పట్లు

అల్యూమినియం కర్రను పొడుగు, పొట్టి చేయవచ్చు. వెదురు కర్రను చేయలేం. కాని మన చేతిని పైకి, కిందికి జరపవచ్చు. దానికి ఒక ఉపాయం ఉంది. కర్ర మీద మూడు చోట్ల గుడ్డ పీలిక గాని, నులక గాని చుట్టండి.

నడిమి పట్టు: ఇది చదునైన నేలకు. ఇక్కడ పట్టుకుంటే మోచేయి సూటిగా మూల తిరగాలి. తలుపు గడప మూల ఎలా ఉంటుందో అలా.

కింది పట్టు: ఇది ఎక్కడానికి. నడిమి పట్టుకు బెత్తెడు కింద ఉండాలి. ఎక్కేటప్పుడు నేల మనకు దగ్గరగా ఉంటుంది. అందుకే కర్ర పొట్టిగా కావాలి.

పై పట్టు: ఇది దిగడానికి. నడిమి పట్టుకు బెత్తెడు పైన ఉండాలి. దిగేటప్పుడు నేల దూరంగా ఉంటుంది. అందుకే కర్ర పొడుగ్గా కావాలి.

పై పట్టు దగ్గర తాడుతో ఒక ఉచ్చు కట్టుకోవచ్చు. చేతిని ఉచ్చులోకి కింది నుంచి పైకి దూర్చాలి. తర్వాత ఉచ్చుతో కలిపి కర్ర పట్టుకోవాలి. అప్పుడు భారం మణికట్టు మీద ఆనుతుంది. వేళ్లు బిగించి పట్టుకునే పని ఉండదు. దట్టమైన పొదల్లో, పెద్ద బండల మధ్య, వాగులో మాత్రం ఉచ్చు నుంచి చేయి తీసేయాలి. కర్ర ఇరుక్కుంటే అది మనల్ని కూడా లాగుతుంది.

ఎలా నడవాలి?

ఎక్కేటప్పుడు: కర్ర ఎడమ చేతిలో ఉంటే, కుడి కాలితో పాటు కర్ర ముందుకు పోవాలి. కర్రను మరీ ముందుకు వేయవద్దు. ఒంటికి దగ్గరగా ఆనించి, కిందికి నొక్కి లేవాలి. అడుగులు చిన్నవిగా వేయాలి.

దిగేటప్పుడు: ముందు కర్ర, తర్వాత కాలు. ఇది మరిచిపోవద్దు. కర్రను ఒక అడుగు కింద ఆనించాలి. అది గట్టిగా నిలిచిందో లేదో నొక్కి చూడాలి. అప్పుడు కాలు వేయాలి. మోకాలు కొంచెం వంచి ఉంచాలి. కర్రలా బిగబట్టిన కాలి మీదకు దిగితే దెబ్బ నేరుగా మోకాలికి తగులుతుంది. వెనక్కి వాలి నడవవద్దు. అలా నడిస్తే మడమ జారి వెల్లకిలా పడతారు.

గుట్టకు అడ్డంగా నడిచేటప్పుడు: కర్ర గుట్ట వైపు చేతిలో ఉండాలి. లోయ వైపు ఉండకూడదు. లోయ వైపు కర్ర మీద వాలితే, కర్ర జారినప్పుడు మనమూ లోయలోకే పోతాం. గుట్ట వైపు ఉంటే, జారినా గుట్ట మీదకే పడతాం.

మోపు ఉన్నప్పుడు: మోపు చిన్నదిగా కట్టుకోవాలి. ఒక పెద్ద మోపు ఒక్కసారి తేవడం కన్నా, రెండు చిన్న మోపులు రెండుసార్లు తేవడం మంచిది. ఒక చేయి మోపుకు, ఒక చేయి కర్రకు. రెండు చేతులూ మోపుకే కావాలి అంటే, ఆ మోపు ఆ దారికి ఎక్కువ అని అర్థం.

నలుగురు కలిసి నడిచేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య రెండు కర్రల దూరం ఉండాలి. లేకపోతే ముందువారి కర్ర మొన వెనుకవారికి తగులుతుంది.

వాగు దగ్గర

కిన్నెరసాని, తాలిపేరు, శబరి పేర్లు మనకు తెలుసు. పేరు లేని వాగులు ఇంకా ఎన్నో ఉన్నాయి. పైన గుట్టల మీద వాన పడితే కింద వాగు ఒక్కసారిగా పొంగుతుంది.

నీళ్లు మోకాలు దాటి వేగంగా పోతుంటే వాగులో దిగవద్దు. కర్ర ఉంది కదా అని దిగవద్దు. పొంగు తగ్గేదాకా ఒడ్డునే ఆగండి. సంత వచ్చే వారం కూడా ఉంటుంది.

నీళ్లు తక్కువ ఉంటే ఇలా దాటండి. ముందు కర్రతో లోతు చూడండి. నీళ్లు వచ్చే వైపుకు ముఖం తిప్పండి. కర్రను మీ ముందు, నీళ్లు వచ్చే వైపు ఆనించండి. దాని మీద కొంచెం వాలండి. పక్కకు అడుగులు వేయండి. కర్ర, కుడి కాలు, ఎడమ కాలు, ఈ మూడింటిలో ఒకసారి ఒక్కటే కదలాలి. మిగతా రెండూ నేలకు ఆని ఉండాలి.

పాము, ఎలుగు

రాలిన ఆకుల కింద పాము ఉండవచ్చు. కర్రతో ముందు నేలను తడుతూ నడవండి. కర్ర చప్పుడుకు, నేల అదురుకు పాము చాలాసార్లు తప్పుకుంటుంది. పామును కర్రతో కొట్టబోవద్దు. కొట్టబోయి కాటు తిన్నవారు ఉన్నారు. కాటు పడితే కోయవద్దు. తాడుతో బిగించి కట్టవద్దు. కాటు పడిన మనిషిని నడిపించవద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి మోసుకుపోవాలి.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగుబంటి కూడా చెట్టు కిందికి వస్తుంది. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ పోవాలి. కర్ర చప్పుడు చేయడానికే. ఎలుగుతో పోట్లాడడానికి కాదు.

డోలీ మోసేటప్పుడు

2005లో 108 బండి వచ్చింది. ఫోను చేస్తే వస్తుంది. కాని బండి రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. రోడ్డు లేని గుట్ట నుంచి నిండు గర్భిణిని, జబ్బు మనిషిని డోలీలోనే దించాలి. ఆ సమయంలో ఒకరి కాలు జారితే మోసేవారికీ, డోలీలో ఉన్నవారికీ ప్రమాదమే.

అందుకని డోలీ మోసే ఇద్దరి చేతుల్లోనూ కర్రలు ఉండాలి. పైన పంగ ఉన్న కర్రలయితే ఇంకా మంచిది. అలసినప్పుడు డోలీ బొంగును పంగల కర్రల మీద ఆనించి భుజం మార్చుకోవచ్చు. డోలీని నేల మీద దించే పని ఉండదు. గుట్ట ఎక్కినా, దిగినా జబ్బు మనిషి తల ఎత్తు వైపే ఉండాలి. ఇంకొకరు ఖాళీ చేతులతో ముందు నడవాలి. కర్రతో దారి చూసి, జారే రాయి ఎక్కడుందో వెనుకవారికి చెప్పాలి.

దారిలో ఎవరికైనా కాలు విరిగితే కర్రలే కట్టు కూడా. విరిగిన కాలికి రెండు పక్కలా రెండు కర్రలు పెట్టి, తువ్వాలుతో కదలకుండా కట్టి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కర్ర ఉన్నా మరవకూడనివి

కర్ర అన్నీ చేయదు. నున్నని తడి బండ మీద కర్ర కూడా జారుతుంది. వదులు రాయి మీద ఆనిస్తే రాయితో పాటు పోతుంది. అందుకే ఆనించిన ప్రతిసారీ నొక్కి చూడాలి. చీకటి పడకముందే గుట్ట దిగాలి. అరిగిన చెప్పు వేసుకోవద్దు. మోకాలు వాచి ఉంటే కర్రతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకు చూపించాలి.

మళ్లీ సంత రోజు

వారం తిరిగింది. మనవడి మోకాలి గాయం మానింది. పోయిన తట్టల బదులు తాత కొత్త తట్టలు అల్లాడు. తెల్లవారుజామున తాత కావడి ఎత్తుకుని బయటికి వచ్చాడు. మనవడు అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో వెదురు కర్ర ఉంది. దానికి మూడు చోట్ల ఎర్ర గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి.

తాత కర్ర తీసుకున్నాడు. నేలకు ఆనించి నొక్కి చూశాడు.

"పొన్ను లేదేందిరా?" అన్నాడు.

"ఇయ్యాల సంతలో కమ్మరాయన దగ్గర వేయిస్తా తాతా" అన్నాడు మనవడు.

ఇద్దరూ గుట్ట దిగడం మొదలుపెట్టారు. ముందు కర్ర. తర్వాత కాలు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో గుట్ట దిగేటప్పుడు ఎవరైనా జారి పడ్డారా? అది ఎక్కడ జరిగింది? అప్పుడు వారి నెత్తిన ఎంత బరువు ఉంది?

2. మీ ఇంట్లో ఎవరికి మోకాలి నొప్పి ఉంది? వారు రోజుకు ఎంత దూరం వాలు దిగుతున్నారు? అడుగులు లెక్క కట్టి రాయండి.

3. మీ గూడెం బాటలో బాగా జారే చోట్లు ఏవి? నలుగురూ కలిసి అక్కడ రాతి మెట్లు వేయగలరా?